క్రోమయ్య రింగులు

ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు పెద్దలు. ఆ లెక్కన తూకమ్మకు మొగుడు పూర్తిగా పోలేదు, సగం మిగిలే ఉన్నాడు. ఆ మిగిలిన సగం పొద్దున్నే వరండాలో నిలబడి, చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ ఫిర్యాదు చేస్తోంది.

"వదినా, బండి మళ్ళీ పొగ కక్కుతోంది. వీధిలో వాళ్ళంతా దోమల మందు కొట్టే బండి వచ్చిందనుకుని తలుపులు వేసుకుంటున్నారు."

తూకమ్మ విననట్టు టీ వడకట్టింది. వింటే ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే తప్పు పోయిన మొగుడు క్రోమయ్య చేసిన రింగులదే అనాలి. ఆ మాట అనడం కంటే ఊరంతా పొగలో మునిగినా ఆమెకు నయమే.

తూకమ్మ, క్రోమయ్య అన్నవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు, రింగుల ఫ్యాక్టరీ పెట్టినవి. ఇంజిన్లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంటే దాని నడుముకు ఉంగరాల్లా ఉండేవే రింగులు. పైన మంట కిందికి దిగకుండా, కింద నూనె పైకి ఎక్కకుండా కాపలా కాయడం వాటి పని. ఆ కాపలా అంతా సిలిండర్ గోడను రాసుకుంటూనే సాగాలి, అందుకే వాటి అంచుకు గట్టి క్రోమియం పూత పూస్తారు. ఆయన పూత విభాగంలో పూసేవాడు. ఆమె పరీక్ష గదిలో ఆ పూత ఎంత అరుగుతుందో తూచి చెప్పేది. ఒకరిది పూసే ఉద్యోగం, ఒకరిది గీకే ఉద్యోగం. ఇట్లాంటి ఇద్దరికి పెళ్ళవుతుందని ఎవరైనా అంటే ఫ్యాక్టరీ మొత్తం నవ్వేది, అయినప్పుడు నిజంగానే నవ్వింది.

ఆ పరీక్ష గది ఇప్పటికీ ఆమె కళ్ళ ముందే ఉంటుంది. ఉత్తరం వైపు ఒకటే కిటికీ. తలుపు తీయగానే వేడి నూనె వాసన. మధ్యలో బల్ల మీద రుద్దుడు మిషను. రింగులోంచి కోసిన ముక్కను దాని పట్టులో బిగించి, సిలిండర్ గోడ ముక్క మీద ఆనించి, పైన బరువు వేలాడదీసి, నూనె బొట్టు బొట్టుగా జారుతుంటే ముందుకూ వెనక్కూ ఆడించాలి. పక్కన తిరిగే కాగితపు చుట్ట మీద ఒక పెన్ను రాపిడి ఎంతుందో గీత గీస్తుండేది. రాపిడి ఎక్కువైతే గీత పైకి, తగ్గితే కిందికి. పని అయ్యాక ముక్కను కడిగి, ఆరబెట్టి, గాజు తలుపుల త్రాసులో పెట్టేవారు. ఊపిరి గట్టిగా వదిలినా ఆ త్రాసు ఊగేది. ఆమె ఊపిరి బిగబట్టి తూచడం చూసే ఆ పేరు వచ్చింది.

క్రోమయ్య మొదటిసారి వచ్చింది తన రింగులు ఎందుకు తప్పాయో అడగడానికి. చేతిలో ట్రే, నుదుటి మీద ముడుత.

"ఎంత తగ్గింది?" అన్నాడు.

"ఊపిరి పీల్చకండి, చెప్తాను" అంది తూకమ్మ.

ఆయన నిజంగానే పీల్చలేదు. ముఖం కందిపోయేదాకా నిలబడ్డాడు. ఆ తర్వాత పాసైన రింగుల ఫలితం అడగడానికీ వచ్చాడు, అసలు పరీక్షకే ఇవ్వని రింగుల ఫలితం అడగడానికీ వచ్చాడు. పెళ్ళిచూపులంటూ వేరే అక్కర్లేకపోయింది. అత్తగారు మాత్రం సంగతి విని, "ఇంట్లో కూడా మావాణ్ణి అరగదీసి తూస్తుందేమో" అని గొణిగింది. ఆవిడ మాటకేం గాని, ఆ గదిలో గడిచిన సంవత్సరాలు తలుచుకుంటే తూకమ్మకు గుండె తీపెక్కిపోతుంది. మధ్యాహ్నం మిషను ఆగాక ఆయన గుమ్మంలో నిలబడి తలుపుకు భుజం ఆనించేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. అట్లా నిలబడితే ఆమెకు చాలనిపించేది.

ఆ తర్వాత కొత్తరకం నల్లపూత వచ్చింది, గాలి తీసేసిన గదుల్లో పూసేది. క్రోమియం పూత పూసే తొట్లను ఖాళీ చేశారు. తొట్లు మూసే ముందు క్రోమయ్య పై అధికారిని అడిగి, తన సొంత వ్యానుకు సరిపోయే రింగుల సెట్టు ఒకటి స్వయంగా పూసుకున్నాడు. నూనె కాగితంలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, "దీని ఇంజిన్ విప్పిన రోజు వేద్దాం" అన్నాడు. ఇంజిన్ విప్పే రోజు రాకముందే ఆయన జబ్బుపడి వెళ్ళిపోయాడు. ఆ చేత్తో పూసిన రింగులు లోకంలో ఇంకెక్కడైనా తిరుగుతున్నాయేమో ఆమెకు తెలియదు. తెలిసినవి ఇవే.

వ్యాను ఇప్పుడు ఆడపడుచుది. పెళ్ళి మాటెత్తితే మొక్కలు చూపించి తప్పించుకున్న మనిషి, అన్న ఇంటి పెరట్లోనే నర్సరీ పెట్టింది. కుండీలు ఇళ్ళకు చేర్చేది ఆ వ్యానే. ఈమధ్య అది ముక్కుతూ మూలుగుతూ ఆగిపోతే, క్రోమయ్య స్నేహితుడు గ్రీజు మేస్త్రీ చూసి ఇంజిన్ విప్పాల్సిందే అన్నాడు. తూకమ్మ లోపలికి వెళ్ళి రేకు డబ్బా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. మేస్త్రీ మూత తీసి చూసి, చేతులకున్న గ్రీజు తుడుచుకున్నాకే వాటిని ముట్టుకున్నాడు.

రింగులు ఇంజిన్లోకి వెళ్ళిన రోజు నుంచి తూకమ్మ బండిని పువ్వుల్లో పెట్టి చూసుకుంది. ఉద్యోగంలో ఉండగా ఎన్ని నూనెలు పరీక్షించిందో. వాటన్నిటిలో అరుగుదల అతి తక్కువ చూపించిన నూనె ఏదో ఆమెకు కంఠతా వచ్చు, లోహం మీద లోహం జారిపోయేలా మందు కలిపిన రకం. మేస్త్రీ పోసిన మామూలు నూనె తీసేయించి అది పోసింది. స్టీరింగు తనే పట్టింది. గేరు మారిస్తే పసిపిల్లను పక్కమీద పడుకోబెట్టినట్టు మార్చేది. ఎత్తు రోడ్డెక్కనిచ్చేది కాదు. కుండీలు ఒక వరసకు మించి పెట్టనిచ్చేది కాదు.

"వదినా, ఆ ముసలాయన నడుస్తూ మనల్ని దాటిపోయాడు చూడు. పైగా చెయ్యి కూడా ఊపాడు" అంది ఆడపడుచు ఒకరోజు.

"పోనీ. బండిని తొందరపెడితే మీ అన్నయ్య ఊరుకోడు."

ఇంత చేసినా పొగ మొదలైంది. నీలంగా, కంపు కొడుతూ. నూనె మట్టం రోజురోజుకూ దిగిపోయింది. అంటే నూనె రింగులను దాటుకుని పైకెక్కి మండిపోతోందన్నమాట. తూకమ్మ ఇంకాస్త ఖరీదైన నూనె పోసి, ఇంకాస్త మెల్లగా నడిపింది. పొగ ఇంకాస్త పెరిగింది.

చివరికి ఆ పొద్దున ఆడపడుచు టీ గ్లాసు పక్కన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుంది. "చూడు వదినా, ఎల్లుండి కొండమీది బడికి మొక్కలు చేరాలి. మట్టి బస్తాలతో సహా. తాడో పేడో ఇవాళ తేలాలి. పద మేస్త్రీ దగ్గరికి."

మేస్త్రీ షెడ్డులో గోడంతా పానాలు వేలాడుతుంటాయి, పైకప్పు రేకు చిల్లుల్లోంచి ఎండ నేల మీద పడుతుంటుంది. ఇంజిన్ విప్పేటప్పుడు ఆయన మాట్లాడడు, మాట్లాడితే నట్లు పారిపోతాయని నమ్మకం. మధ్యాహ్నానికి పిస్టన్ బయటికి తీసి, సిలిండర్ లోపలికి లైటు పట్టాడు. లోపలి గోడ తళతళలాడుతోంది. తూకమ్మ వంగి చూస్తే తన ముఖమే అందులో సాగిపోయి కనిపించింది.

"గోడ మీద ఒక్క దెబ్బ లేదు చెల్లెమ్మా" అన్నాడు మేస్త్రీ, ఎటో చూస్తూ. "ఇన్నేళ్ళు డబ్బాలో పడున్న రింగులు కదా. బిగువు తగ్గిందేమో. బజార్లో కొత్తవి దొరుకుతాయి, వేసేద్దాం. ఇవి..." అని ఆగిపోయాడు.

ఆ మాట పూర్తి కాకపోయినా తూకమ్మకు వినిపించింది. ఇవి పాత ఇనుము డబ్బాలోకి పోతాయి. ఆయన చేతిపని లోకంలో ఇంక లేదన్నట్టే.

"రేపటిదాకా ఆగండి అన్నయ్యా" అంది. "ఒకసారి నేను చూస్తాను. తప్పు రింగులదే అయితే నేనే చెప్తాను."

"రేపటిదాకానే" అంది ఆడపడుచు. కానీ రింగులు చుట్టుకోవడానికి తన భుజం మీది తువ్వాలు తీసి ఆమే ఇచ్చింది.

ఇంటికి రాగానే తూకమ్మ కిటికీ పక్క బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచింది. రింగులను ఒక్కొక్కటే కిరసనాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, భూతద్దం తెచ్చుకుంది. ముందు బిగువు చూసింది. వేళ్ళతో నొక్కి వదిలితే టక్కున విచ్చుకున్నాయి, ఏ లోపమూ లేదు. తర్వాత అంచులు చూసింది. పూత ఊడలేదు, పగల్లేదు. క్రోమయ్య చివర్లో నూరిన సన్నటి గీతలు కూడా మొదటిరోజున్నట్టే ఉన్నాయి. గోడకు తగిలిన మెరుపు అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క, అంతే.

"అరగలేదు" అంది పైకే. గొంతులో గర్వం పొంగింది. "ఇంత తిరిగినా ఏమీ అరగలేదు. ఇట్లాంటి ఫలితం ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు."

అన్నదే గాని, భూతద్దం దించలేదు. ఇట్లాంటి ముక్కను చూసింది. చాలాసార్లే చూసింది. అయితే ఫలితంగా కాదు. కొత్త ముక్కను మిషనుకు బిగించగానే పరీక్ష మొదలయ్యేది కాదు. ముందు కాసేపు బరువెక్కువ వేసి, మామూలు నూనెతో ఊరికే రుద్దేవారు. అప్పుడు పెన్ను పిచ్చిగీతలు గీసేది, ముక్క కీచుమనేది. తీసి చూస్తే ఇదిగో ఇట్లా అక్కడక్కడే మెరుపు కనిపించేది. "ఇంకా కూర్చోలేదు, ఇంకాస్త రుద్దాలి" అని మళ్ళీ బిగించేది. అంచు పొడవునా మెరిశాకే, అంటే రెండు ముక్కల గరుకుతనాలూ ఒకదాన్నొకటి కొరుక్కుని సర్దుకున్నాకే, ఆ కాగితం చింపి బుట్టలో వేసి, ముక్కను కడిగి, తూచి, అసలు పరీక్ష మొదలుపెట్టేది. ఆ మొదటి అరుగుదల ఏ లెక్కలోకీ వచ్చేది కాదు. లెక్కలోకి రానిది కాబట్టి మనసులోకీ రాలేదు. ఏళ్ళ తరబడి తన చేత్తో చేసిన పని, సొంత బండి దగ్గరికొచ్చేసరికి గాలికి పోయింది. అరగకూడదు, అరగకూడదు అని జారుడు నూనె పోసి, బరువు వేయకుండా, రింగులను గోడకు ఆననివ్వలేదు. ఆనని చోటినుంచి నూనె పైకెక్కి, కాలి, వార్నిష్‌లా గోడకు పట్టి అద్దం చేసింది.

తూకమ్మ భూతద్దం బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆడపడుచు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది, వదినకు మతి పోయిందేమోనని.

సంగతంతా విని ఆమె గుమ్మంలో చతికిలబడింది. "అయితే మొదట్లో కాస్త కొట్టుకు చావాలన్నమాట. మీ ఇద్దరిలాగా."

"మేమెప్పుడు కొట్టుకున్నామే? మీ అన్నయ్య నన్నొక్క మాట అనడు."

ఆడపడుచు ఆమెను ఎగాదిగా చూసింది. "చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. వదినా, ఆ మొదటి సంవత్సరం నేనీ ఇంట్లోనే ఉన్నాను. చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేదాన్ని. పెళ్ళైన కొత్తలోనే నువ్వు అన్నయ్య పూసిన ట్రే మొత్తం తప్పించలేదూ? పంతానికి పోయి అన్నయ్య తొట్ల దగ్గరే పడుకోలేదూ? తన ఆసిడ్ బట్టలతో కలిపి నీ తెల్లకోటు ఉతికి చిల్లులు చేస్తే, ఆ చిల్లులకోటే వేసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళి అందరికీ చూపించలేదూ నువ్వు?"

తూకమ్మకు ఆ కోటు గుర్తొచ్చింది. వెంటే మిగతావన్నీ వచ్చాయి. ఆయన గొంతు పెద్దది. ఓడిపోయే వాదనలో ఇంకా పెద్దది. మొగుడూ పెళ్ళాల పోట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు, వాళ్ళది మాత్రం వారాల తరబడి నిలిచేది. మూతి ముడుచుకుని ఒకే గిన్నెలోది వడ్డించుకుని తిన్న రోజులున్నాయి. తర్వాత ఎప్పుడో, ఏ రోజని చెప్పలేం, ఆయన ఎక్కడ గట్టిపడతాడో ఆమెకు తెలిసిపోయింది, ఆమె ఎక్కడ తగ్గదో ఆయనకు తెలిసిపోయింది. గుమ్మానికి భుజం ఆనించి ఊరికే నిలబడటం ఆ తర్వాత వచ్చిందే. ఆయన పోయాక ఆమె ఆ మొదటి సంవత్సరాన్నంతా చింపి బుట్టలో వేసేసింది. వచ్చిన చుట్టాలందరికీ దేవుడిలాంటి మనిషని చెప్పీ చెప్పీ, ఆ మనిషి ముఖమే జారిపోయేలా చేసుకుంది.

మర్నాడు షెడ్డుకు వెళ్ళి, "తప్పు నాది అన్నయ్యా, రింగులది కాదు" అని చెప్పింది.

మేస్త్రీ చేతిలో పానా కింద పెట్టాడు. ఆయన ముఖం తేటపడింది, వెంటనే సిగ్గుపడింది. "సగం నాది చెల్లెమ్మా. మావాడి రింగులు గీసుకుపోతాయేమోనని గోడను సన్నరాయితో నున్నగా పట్టేశాను. ఇంకే బండికైనా గరుకురాయే వేసేవాణ్ణి. నిన్న అద్దంలా కనపడగానే అనుమానమొచ్చింది. చేసింది నేనే కదా, నోరు పెగల్లేదు."

"అయితే ఇద్దరూ కలిసి ముద్దుచేసి చెడగొట్టారన్నమాట" అంది ఆడపడుచు. "ఇక కొట్టండి."

ఆయన గరుకురాయి తీసి సిలిండర్ గోడ మీద ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే గీతలు పడేలా తిప్పాడు. నూనె నిలవడానికి ఆ గీతలే ఆధారం. రాయి కరకరమన్నప్పుడల్లా తూకమ్మ చెవులు మూసుకుంది. అవే రింగులు మళ్ళీ ఎక్కించి, మామూలు నూనె పోశాడు. ఇప్పుడు కూడా కూర్చోకపోతే మూడోసారి ప్రయత్నం ఉండదని ముగ్గురికీ తెలుసు.

మర్నాడు పొద్దున మట్టి బస్తాలు, కుండీలు నిండుగా వేశారు. కొండరోడ్డు మొదట్లో తూకమ్మ కాలు అలవాటు ప్రకారం వెనక్కు తగ్గింది. ఇంజిన్ మూలిగింది, వెనక నీలంపొగ లేచింది.

"తొక్కు వదినా" అంది పక్కనుంచి ఆడపడుచు.

తూకమ్మ తొక్కింది. ఇంజిన్ గొంతు పెద్దదైంది, స్టీరింగు చేతుల్లో అదిరింది. ఆ అరుపుకు జవాబుగా ఆమె నోరు దానంతటదే తెరుచుకుంది. "అరవండి, బాగా అరవండి. ఓడిపోతున్నప్పుడే కదా మీకు గొంతు లేస్తుంది. జ్వరం వచ్చిందంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నానా, వద్దన్నానా? మొండికెత్తి కూర్చున్నారు. నా మాట వింటే మీ సొమ్మేం పోయేది?" అట్లా కొండ పొడవునా తిట్టింది. ఇన్నాళ్ళూ నాలుక చివరకు కూడా రానివ్వని మాటలన్నీ తిట్టింది. ఆడపడుచు కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది, కళ్ళు తుడుచుకుంటూ.

బడి దగ్గర దించేసి మళ్ళీ కిందికి, మళ్ళీ బస్తాలతో పైకి. సాయంత్రానికి ఆడపడుచు వెనక్కు తిరిగి చూసి, "వదినా, వెనక రోడ్డు కనిపిస్తోంది" అంది. నిజంగానే కనిపిస్తోంది. పొగ లేదు.

షెడ్డులో మేస్త్రీ బండి కింద బేసిన్ పెట్టి నూనె దించాడు. కొత్త రింగులు గోడకు కూర్చున్నాక మొదటి నూనె తీసేయాలి, అందులో అరిగిన పొడి ఉంటుంది. వేడి నూనె నల్లగా, సన్నటి ధారగా దిగింది. ఆయన బేసిన్ బయటికి లాగగానే ఎండ పడి పైన తెట్టులా వెండి మెరుపు కదిలింది. రెండు చేతులతో ఎత్తి పాతనూనె డ్రమ్ము వైపు నడవబోయాడు.

"ఒక్క నిమిషం అన్నయ్యా."

తూకమ్మ వేలు ముంచి, బొటనవేలితో రుద్దింది. చర్మానికి అందీ అందని గరుకు. ఆయన చివరిసారిగా పూసిన పూతలో కొంత ఇది. ఇన్నేళ్ళూ ఇది రాలకూడదనే ఊపిరి బిగబట్టి తూచింది. రాలితేనే మిగతాది ఇంజిన్లో నిలిచింది. మిగతాదీ అట్లాగే రోజుకింత, ఎత్తులెక్కుతూ, మొక్కలు మోస్తూ అయిపోతుంది, అయిపోవాలి.

"పారబోయండి" అంది. "కొత్తది పట్టండి. మామూలుదే చాలు."

మేస్త్రీ బేసిన్ వంచాడు. డ్రమ్ములోకి పడుతున్నంతసేపూ ఆమె చూసింది. తర్వాత పక్కనున్న పాత టైరు మీద కూర్చుంది. ఆడపడుచు దగ్గరికొచ్చి వంగింది.

"ఏడుస్తున్నావా వదినా?"

"అవునే" అంది తూకమ్మ. "మీ అన్నయ్య లేడే."

ఆడపడుచు టైరు మీద చోటు చేసుకుని వదిన పక్కన కూర్చుంది.